కత్తెర, మడత

ఆ సోమవారం పొద్దున శ్రీవిద్య అనుకున్నది పెద్ద పనేమీ కాదు. మామ దుకాణంలో తాను రాసిన కంప్యూటర్ ప్రోగ్రామును మొదలుపెట్టించి, అది నడుస్తుంటే కాసేపు కళ్లారా చూసుకుని, తరువాత మేడమీది గదికి వెళ్లి బూజు దులుపుకోవాలి. అంతే.

మామ అంటే అమ్మకు అన్న, రాఘవేంద్రప్రసాద్. కర్నూలు పాతబస్తీలో ఆయన బట్టల దుకాణం తెలియని పెళ్లివారు లేరు. శ్రీవిద్య ఎం.సి.ఏ. పూర్తి చేసి ఏడాదైంది. ఆమెతో చదివినవాళ్లంతా హైదరాబాదు బస్సెక్కారు. ఆమె మాత్రం ఇక్కడే ఉండి, ఇక్కడి దుకాణాలకు ప్రోగ్రాములు రాసి బతుకుతానని పట్టుబట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు. మామ నవ్వలేదు గాని, ఒక షరతు పెట్టాడు.

"ముందు నా అంగట్లో నడిపించు పాపా. నడిచిందనుకో, మేడమీద గది నీదే. బోర్డు గూడా నేనే రాయిస్తా. నడవలేదనుకో, గమ్మున హైదరాబాదుకు పో."

అంతకుముందు ఆ దుకాణంలోకి ఒక ప్రోగ్రాము వచ్చి ఓడిపోయింది. ఎవరో పట్నం మనిషి అమ్మిపోయిన సరుకు అది. దాంట్లో రాసింది దాచమని చెప్పడానికి ఫ్లాపీ బొమ్మ ఉండేది. ప్రసాద్ దాన్ని కళ్లద్దాలు పైకెత్తి, కిందికి దించి చూసి, "ఇదేంది, తాయెత్తా?" అని అడిగాడు. వద్దన్నదాన్ని తీసేయడానికి చెత్తబుట్ట బొమ్మ ఉండేది. అది చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. "మా నాయన పెట్టిన అంగట్లో సరుకును చెత్తబుట్టలో వేయల్లనా?" అని యంత్రం ఆపి, దానిమీద ఒక కండువా కప్పి, మళ్లీ ముట్టుకోలేదు.

శ్రీవిద్య ఆ సంగతి బాగా గుర్తుపెట్టుకుంది. మనుషులకు అలవాటైన వస్తువులే తెరమీద కనిపిస్తే ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదని ఆమె ఎక్కడో చదివింది కూడా. అందుకని ఫ్లాపీనీ చెత్తబుట్టనూ పారేసి, బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాడికి కొత్త అనిపించని బొమ్మలు రెండు గీసింది. ఒకటి కత్తెర. రెండోది మడతపెట్టిన చీర. కత్తెర అంటే కట్ చేసేయడం, అంటే వద్దు. మడత అంటే పని ముగిసింది, చీర పంపడానికి సిద్ధం, అంటే కావాలి. ఇంట్లో ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి బీరువాలో పెడితేనే కదా పని అయినట్టు.

పూజ అయ్యాక ప్రసాద్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర చూసి ఆయన ముఖం వెలిగింది.

"ఓయబ్బ! కత్తెర, మడత! ఏమప్పా శేషన్నా, ఈడికి రా, చూడు. మన అంగడే ఉండాది దీంట్లో."

శేషన్న పరుపుమీద కూర్చుని చీరలు చూపించే మనిషి. ఆయన తొంగి చూసి తల ఊపాడు. "ఇదైతే నాకూ తెలుస్తాది శెట్టీ."

"ఏది ఎందుకో చెప్పమంటావా మామా?" అంది శ్రీవిద్య.

"నాకు చెప్తావా మడతా కత్తెరా గురించి?" అని మామ పకపకా నవ్వాడు.

ఆ నవ్వు విని ఆమె మనసు పొంగిపోయింది. చెప్పనక్కర్లేకపోవడమే కదా తన గొప్ప. చీపురు తీసుకుని మేడెక్కింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ దుకాణంలో ఎన్నో ఏళ్లుగా రెండు మాటలు నడుస్తున్నాయి. తానులోంచి బట్ట కత్తిరించాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు గనుక, బేరం కుదిరితే "కత్తెర వేసెయ్" అంటారు. పట్టుచీరకు కత్తెరతో పని లేకపోయినా మాట అదే. కొనేవాళ్లకు నచ్చకపోతే "మడత పెట్టెయ్" అంటారు. మడతపెట్టిన చీర తిరిగి అల్మారాలోకి పోతుంది.

ఆ పొద్దున మొదటి బేరం బడిపంతులు దాసన్నది. భార్య జీవమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చిలకాకుపచ్చ చీర ఒకటి చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, భర్త ముఖం చూసి, "వద్దులే, ఉన్నవి చాలు" అని లేచింది. "మడత" అన్నాడు శేషన్న. ప్రసాద్ పంతులు పేరు కింద మడత నొక్కాడు. తెరమీద "ఖాయమా?" అని ప్రశ్న వచ్చింది. "ఖాయమే తల్లీ" అని దానికి నోటితోనూ జవాబు చెప్పి మరొకసారి నొక్కాడు.

తరువాత నాగేంద్రమ్మ వచ్చింది. వేరుశనగ వ్యాపారి లక్ష్మీనరసయ్య భార్య. ఆమె దుకాణంలోకి వస్తే ఫ్యాను కూడా కొంచెం జోరుగా తిరిగినట్టు ఉండేది. కూతురు సుచరితకు అహోబిలంలో పెళ్లి. మగపెళ్లివారు ముహూర్తాన్ని ముందుకు జరపడంతో బట్టలన్నీ ఒక్క పూటలో కొనాల్సి వచ్చింది.

సుచరిత చేయి నేరుగా ఒక కోడుమూరు నూలుచీర మీదికి పోయింది. వంకాయ రంగు, సన్నని పసుపు అంచు. "అమ్మా, ఇది శానా బాగుండాది. మెత్తగా ఉండాది చూడు" అంది.

"ముహూర్తానికి నూలుచీరా? జనాలు నవ్వుతారే!" అంది నాగేంద్రమ్మ. "మడత పెట్టెయ్ శేషన్నా. ఆ ధర్మవరం పట్టు తియ్యి. ఇంకా పెద్దంచు. ఇంకా జరీ. ఆఁ, అది. కత్తెర వేసెయ్."

కత్తెర, మడత, మడత, కత్తెర. ప్రసాద్ వేళ్లకు ఊపు వచ్చింది. పెట్టిపోతల చీరలు కూడా అదే ఊపులో తేలిపోయాయి. ఆ దుకాణంలో కొన్న చీరలను ఎవరూ మోసుకుపోరు, సాయంత్రానికి ఇంటికే వస్తాయి. వెనక గదిలో యంత్రం చీటీ ముద్రిస్తే, దాంట్లో ఉన్న నంబర్ల చీరలను గంగక్క మూటకడుతుంది, మిగిలినవాటిని అల్మారాలో సర్దుతుంది. ధనుంజయ ఆటోలో వేసుకుపోయి ఇళ్లల్లో ఇచ్చి వస్తాడు. ఆ రోజు చీటీలు టకటకా వచ్చాయి. గంగక్క టకటకా మూటలు కట్టింది. ప్రసాద్ మేనకోడలి తలమీద చేయి వేసి, "నీ గది నీకు వచ్చినట్టే" అన్నాడు.

మంగళవారం దుకాణం తలుపులు పూర్తిగా తీయకముందే నాగేంద్రమ్మ మెట్లమీద నిలబడి ఉంది. వెనక ఆటోలో మూట. మూట పక్కన లక్ష్మీనరసయ్య, కొంచెం నలిగిపోయి.

"ఏమప్పా ప్రసాదూ! నేను కొన్నదొకటీ లేదు. వద్దన్నదొకటీ విడిచిపెట్టలేదు. ఎగతాళి చేస్తాండావా?"

"అక్కా, కూర్చో అక్కా..."

"నేను కూర్చోను! రాత్రంతా ఈయప్పతో కొట్లాడినా. పట్టు ఎందుకే, నూలు చాలదా అని నెలపొద్దుల నుంచి గొణుగుతాండాడు. నాకు తెలీకుండా నీకు ఫోన్ చేసి మార్పించినాడనుకున్న్యా."

"నేను చేయలేదంటే నమ్మలేదప్పా" అన్నాడు లక్ష్మీనరసయ్య దీనంగా. "చేసుంటే బాగుండు అనిపించింది. తిట్లు ఎట్లాగూ పడితిని."

ప్రసాద్ శేషన్న వైపు చూశాడు. శేషన్న గంగక్క వైపు చూశాడు. గంగక్క చీటీలు తెచ్చి ముందు పడేసింది. "మీ యంత్రం ఏం రాస్తే అదే కట్టినా. నన్నంటే బాగుండదు" అంది. ఆటోలోంచి దిగబోయిన ధనుంజయ పరిస్థితి చూసి మళ్లీ ఆటోలోనే కూర్చున్నాడు.

ఇంతలో పంతులు దాసన్న వచ్చాడు. ఈయన కూడా మూట తెచ్చాడేమోనని ప్రసాద్ ముందు ఆయన చేతుల వైపు చూశాడు. దాసన్న చేతులు ఖాళీగా ఉన్నాయి. ప్రసాద్‌ను స్తంభం చాటుకు పిలిచి, గొంతు తగ్గించాడు.

"నిన్న ఆ చిలకాకుపచ్చ చీర పంపినారు గదా. మా ఇంట్లో ఆయమ్మ, నేనే మళ్లా వచ్చి తనకు తెలీకుండా కొన్నాననుకున్నాది. ఈ పొద్దు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టింది ప్రసాదూ. పండగ గాదు, ఏం గాదు. ఎవరు పంపినారో ఏమోగానీ, మా ఇంట్లో మాత్రం చెప్పొద్దు."

చీర ఉంచుకుంటానని చెప్పి, వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయాడు.

గొడవ విని శ్రీవిద్య మేడ దిగి వచ్చింది. తప్పు ఎక్కడుందో అని ప్రోగ్రామంతా తిరగేసింది. అది చెప్పినట్టే చేసింది. అయితే చెప్పిందే తిరకాసుగా ఉంది. ఆమెకు భయం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. నాగేంద్రమ్మకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, తాను పరుపు చివర కూర్చుని, అప్పుడే వచ్చిన వేరే బేరాన్ని చూడసాగింది. ఎవరో రవికగుడ్డ అడిగారు. నచ్చింది. శేషన్న కత్తెర తీసి పరపరా కత్తిరించాడు. ఇంకెవరో పంచె చూశారు. నచ్చలేదు. శేషన్న దాన్ని మడతపెట్టి వెనక్కి విసిరాడు.

శ్రీవిద్య నోరు తెరిచింది. ఎంతసేపటికీ మూయలేదు.

"మామా, కత్తెర నొక్కినప్పుడు నువ్వు ఏమనుకున్నావు?"

"ఏమనుకుంటా? కత్తెర పడిందంటే అమ్ముడుపోయిందనే. మరి నువ్వేమనుకున్నావు?"

"కట్ అంటే వద్దు అని."

మామా కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి జాలి కలిగింది, ఎదుటివాళ్ల మీద.

తప్పు తనదేనని శ్రీవిద్య అనుకుంది. అంగట్లోవాళ్లు తన బుర్రకు తగ్గట్టు మారడమేమిటి, ప్రోగ్రామే వాళ్లకు తగ్గట్టు మారాలి. మధ్యాహ్నం ప్రసాద్ భోజనానికి వెళ్లగానే కూర్చుని, కత్తెరను కావాలిగానూ మడతను వద్దుగానూ మార్చేసింది.

తప్పు తనదేనని ప్రసాద్ కూడా అనుకున్నాడు. పిల్ల చదువుకున్నది, కష్టపడి చేసింది, దాని గది దానికి రావాలి. భోజనం చేసి వస్తూ అరుగు మీదనే శేషన్నను పట్టుకుని పాఠం పెట్టాడు.

"ఈ పొద్దు నుంచి మన మాటలు మరిచిపో. కత్తెర అంటే?"

"అమ్ముడుపో... కాదు, వద్దు."

"మడత అంటే?"

"కావాల. శెట్టీ, నాకు తల తిరుగుతాండాది."

"తిరగనీ. మళ్లా చెప్పు."

శేషన్న తడబడకుండా చెప్పేదాకా ప్రసాద్ వదల్లేదు. లోపలికి రాగానే శ్రీవిద్య ఎదురొచ్చింది.

"మామా, అంతా సరిచేసినా. ఇంక ఇబ్బంది లేదు."

"మేము గూడా సరిచేసుకున్నాంలేమ్మా. నువ్వు దిగులుపడొద్దు" అన్నాడు మామ ఆప్యాయంగా.

ఎవరు ఏం సరిచేశారో ఎవరూ అడగలేదు. ఆమె తృప్తిగా మేడెక్కింది. ఆయన తృప్తిగా యంత్రం ముందు కూర్చున్నాడు.

నాగేంద్రమ్మ ఈసారి కంప్యూటర్ పక్కనే కుర్చీ వేయించుకుంది. నిన్నటి చీరలన్నీ మళ్లీ పరుపుమీదికి వచ్చాయి. ఆమె ఒక్కొక్కదానికీ వేలు చూపించి తీర్పు చెప్పింది. ధర్మవరం పట్టు కావాలి. ప్రసాద్ గట్టిగా "మడత" అని, మడత నొక్కాడు. కోడుమూరు నూలు వద్దు. "కత్తెర." చీర చీరకూ శేషన్న వెనక నుంచి "సరిగానే ఉండాది శెట్టీ" అని ధైర్యం చెబుతూ వచ్చాడు.

పెళ్లివారి వ్యాను ఆ సాయంత్రమే అహోబిలానికి బయలుదేరుతుంది. మూట నేరుగా వ్యానుకే చేర్చాలి. దారిలో ఎవరూ వేలు పెట్టకుండా ప్రసాద్ దగ్గరుండి మూటను గోనెగుడ్డలో చుట్టించి, గంగక్క చేత దబ్బనంతో నాలుగు వైపులా కుట్టించాడు. "ఇంక దేవుడు దిగొచ్చినా మారదు" అన్నాడు. ఆ మాట నిజమే.

బుధవారం పొద్దున గంగక్క అల్మారా సర్దుతూ ఆగిపోయింది.

"శెట్టీ, పెండ్లికూతురి పట్టుచీర ఈడనే ఉండాదే."

ప్రసాద్ లేచిన ఊపుకు కుర్చీ పడిపోయింది. పెద్దంచు, జరీ, అన్నీ అల్మారాలో హాయిగా పడుకుని ఉన్నాయి. పెళ్లి ఆ పూటే. ధనుంజయ ఆటో వదిలేసి ఎక్కడినుంచో ఒక జీపు మాట్లాడుకొచ్చాడు. మామా కోడలూ పట్టుమూటను ఒళ్లో పెట్టుకుని ఎక్కారు.

జీపు నంద్యాల దాటింది. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. శ్రీవిద్యే ముందు అడిగింది.

"మామా, నిన్న పట్టుచీరకు ఏం నొక్కినావు?"

"మడత. నువ్వు చెప్పినట్టే."

"నేను మార్చినా గదా! నీ మాట ప్రకారం కత్తెర అంటే కావాలని చేసినా."

"మారిస్తివా?" ప్రసాద్ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "నీ మాట ప్రకారం నేనూ శేషన్నా మారితిమి గదమ్మా! ఆ ముసలోనికి గంటసేపు పాఠం చెప్పినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"సరిచేసుకున్నామని చెప్పితి గదా. నువ్వూ సరిచేసినా అంటివి."

శ్రీవిద్య ముఖం చేతుల్లో దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని ప్రసాద్ కంగారుపడ్డాడు. ఆమె తల ఎత్తితే తెలిసింది, నవ్వు ఆపుకోలేకపోతోందని. ఆయనకూ నవ్వొచ్చింది. ఆళ్లగడ్డ రాగానే నాగేంద్రమ్మ గుర్తుకొచ్చి ఇద్దరూ నవ్వడం మానేశారు.

దిగువ అహోబిలంలో సత్రం ముందు జీపు ఆగేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. కరెంటు పోయి చాలాసేపైనట్టుంది, ఫ్యాన్లు కదలడం లేదు. పందిట్లో మగపెళ్లివారి ఆడవాళ్లు పట్టుచీరల్లో చెమటలు కక్కుతూ, శుభలేఖలతో విసురుకుంటున్నారు. పీటలమీద సుచరిత మాత్రం వంకాయరంగు కోడుమూరు చీరలో, అప్పుడే స్నానం చేసి వచ్చినదానిలా చల్లగా కూర్చుని ఉంది. ఎందుకో తెలియదు గాని, పెళ్లికొడుకు చెవిలో ఏదో చెప్పి నవ్వుతోంది కూడా.

జీపు ఆగిన చోటనే, స్తంభం దగ్గర లక్ష్మీనరసయ్య కనిపించాడు.

"అన్నా, పట్టు తెచ్చినాం. అక్క శానా కోపంగా ఉండాదా?" అని గుసగుసగా అడిగాడు ప్రసాద్.

"మూట విప్పినాక ఉండె. నిన్నూ, మీ నాయననూ, వాళ్ల నాయననూ అందర్నీ వరుసగా తలుచుకున్నాది. ఇప్పుడెట్లుందో నువ్వే చూడు, వస్తాండాది" అని ఆయన పక్కకు తప్పుకున్నాడు.

నాగేంద్రమ్మ గబగబా వచ్చింది. ప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. ఆమె ముందు చేసిన పని జీపు సీటుమీది పట్టుమూట మీద తన కొంగు కప్పడం.

"దాన్ని జీపు దింపొద్దు! లోపలికి తోసెయ్ తొందరగా" అంది పళ్లబిగువున. "పెండ్లికొడుకు అవ్వ పుట్టినూరు కోడుమూరంట. చీర చూడంగానే కండ్లనీళ్లు పెట్టుకున్నాది. మా ఊరి నేత గుర్తుపెట్టుకుని కట్టించినావు, ఇట్లాంటి వియ్యపురాలు యాడా దొరకదని పందిట్లో అందరి ముందరా నా చేతులు పట్టుకున్నాది."

"మరి నువ్వేమన్నావు పెద్దమ్మా?" అని అడిగింది శ్రీవిద్య.

"ఏమంటాను? నేనే ఏరికోరి తెచ్చినా అన్న్యా." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "పట్టు ఎందుకే అని ఈయప్ప అడిగితే వినలేదు గదా, ఆ ముక్క మీరెవరూ ఎత్తొద్దు. భోంచేసి పొండి. జీపు మాత్రం ఎనకాల నిలుపుకోండి."

పెళ్లిభోజనం చేసి, ఎవరికీ కనిపించకుండా పట్టుచీరలను తిరిగి కర్నూలుకు మోసుకొచ్చారు. దారిలో ప్రసాద్ జేబులోంచి మేడగది తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"నడవలేదు గదా మామా" అంది ఆమె.

"నడిచిందో లేదో నాకు తెలీలేదమ్మా. ఒకటి మాత్రం నిజం, ఇన్నేళ్లలో మా అంగడి చీర చూసి ఎవరూ ఏడవలేదు. ఉంచుకో."

శ్రీవిద్య ఆ తరువాత వారమంతా తెరమీద ఒక్క గీతా గీయలేదు. పరుపు చివర కూర్చుని, వచ్చినవాళ్లు ఏ మాట దేనికి వాడుతున్నారో వింది. ఒకే మాటకు ఇంటింటికీ ఒక అర్థం ఉన్నట్టు తోచింది. ఒకామె "చూద్దాంలే" అంటే కొన్నట్టు. ఇంకొకామె "శానా బాగుంది" అంటే కొననట్టు. ఇదంతా ఇన్నాళ్లూ తన కళ్లముందే జరుగుతున్నా ఎలా చూడలేదో ఆమెకు అర్థం కాలేదు. చివరికి బొమ్మల జోలికే పోకూడదని నిశ్చయించుకుని, కత్తెరనూ మడతనూ తీసేసి, వాటి చోట పెద్ద అక్షరాలతో రెండు తెలుగు మాటలు రాసింది. ఒకటి "కావాలి". రెండోది "వద్దు". ఇంతకంటే తేటగా ఈ లోకంలో ఏమీ ఉండదని అనుకుంది.

మరునాడు పూజ అయ్యాక ప్రసాద్ యంత్రం ముందు కూర్చున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని రెండు మాటలనూ పైకి చదివాడు. వేలు ఎత్తి, గాలిలోనే ఆపేశాడు.

"పాపా, కావాలి అంటే ఎవరికి కావాలి? కొనేవాళ్లకా, అల్మారాలోకి మనకా?"

శ్రీవిద్య జవాబు చెప్పబోయి మానుకుంది. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"నువ్వు ఏమనుకుంటాండావో ముందు చెప్పు మామా."

ప్రసాద్ చాలాసేపు ఆలోచించి, శేషన్నను అడిగి చెబుతానన్నాడు.